పుల్లరి దొర వేషం

మొన్న నరసరావుపేటలో ఒక సూపర్ మార్కెట్టుకు వెళ్తే, అక్కడ పనిచేసే అమ్మాయి ఒక సీసా మూత తీసి "వాసన చూడండి మేడం, కొత్తగా వచ్చింది" అంటూ నా ముందుకు చాపింది. దోరగా వేగిన వేరుశెనగ పప్పు వాసన, దాని మీద కాస్త ఉప్పు, కాస్త తీపి. పీనట్ బటర్. వేరుశెనగ చేల మధ్య పుట్టి పెరిగిన నాకు ఆ పప్పుకు అంత గొప్ప పేరొకటి ఉందని మొదటిసారి తెలిసింది పదమూడో ఏట, విజయపురి సౌత్ బడిలో, కేథీ అనే అమెరికా పిల్ల టిఫిన్ డబ్బా తెరిచినప్పుడు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ వాసనకు నాలో లేచింది ఆకలి కాదు. నాకు చిన్నప్పటినుంచీ తెలిసిన కడుపుమంట.

అవి ఎనభైల తొలినాళ్ళు. మా నాన్న సాగర్ కుడికాలవ మీద లస్కరు. తూము తలుపులు ఎత్తడం, దించడం, గట్టు వెంట సైకిలు మీద తిరుగుతూ గండ్లు పడకుండా చూడడం ఆయన పని. మా క్వార్టర్సుకు నాపరాళ్ళ గచ్చు. ఎండాకాలం సాయంత్రం దాని మీద రెండు బిందెల నీళ్ళు చల్లితే పొగలాంటి ఆవిరి లేచి, మట్టీ సున్నమూ కలిసిన వాసన ఇల్లంతా అలుముకునేది. ఆషాఢం గాలికి తొక్కుడుబిళ్ళ గీతలు గీసినంతసేపు నిలిచేవి కావు. తొలి ఏకాదశికి మా నానమ్మ జొన్నపేలాలు వేయించి, బెల్లమూ యాలకులూ వేసి రోట్లో దంచిన పేలపిండిని మేం నోటినిండా పోసుకుని, ఎదుటివాళ్ళ మొహాన పడేలా కావాలని నవ్వేవాళ్ళం. శ్రావణంలో డ్యాం గేట్లు ఎత్తారంటే మాచర్ల, గురజాల బస్సుల్లో జనం విరగబడి వచ్చి, ఆ తుంపరలో తడుస్తూ మరమరాలు తినేవాళ్ళు. నానమ్మ మాత్రం కదిలేది కాదు. గడప మీద కూర్చుని ముక్కుపొడుం పీల్చి, "నీళ్ళను చూడటానికి బస్సెక్కి రావాల్నా?" అనేది.

ఆ చిన్న లోకంలో నాకో పెద్ద హోదా ఉండేది. కాలవ తూము దగ్గర ఇనపరేకుల మీద ఉన్న ఇంగ్లీషు అక్షరాలు చదివి నాన్నకు అర్థం చెప్పేదాన్ని నేనే. ఆఫీసు నుంచి ఏ కాగితం వచ్చినా చుట్టుపక్కల లస్కర్లు "కోటేశ్వరిని పిలవండిరా" అనేవాళ్ళు. బడిలో ఇంగ్లీషు చెప్పే రాఘవయ్య మాస్టారు నన్ను "మన దొరసాని" అని పిలిచేవారు. నల్లగా, నూనె కారే జడతో ఉండే లస్కరు కూతురికి ఆ పిలుపు పట్టుపావడా కంటే ఎక్కువ. అది ఊరికే రాలేదు. 'కలర్' అన్న మాటలో 'యు' అక్షరం మర్చిపోయినందుకు మాస్టారు నా అరచేతి మీద కొట్టిన బెత్తం దెబ్బ వారం రోజులు అన్నం కలుపుకోనివ్వలేదు. ఆ నొప్పితో కొనుక్కున్నట్టుండేది నాకు ఆ భాష.

ఎనిమిదో తరగతిలో ఉండగా కేథీ వచ్చింది. వాళ్ళ నాన్న కాలవల్లో నీటి పంపకం ఎలా జరుగుతుందో చూడడానికి వచ్చిన ఇంజనీరు. కొండ మీది గెస్ట్ హౌసులో దిగారు. ఉన్న నాలుగు నెలలూ పిల్ల ఊరికే కూర్చోవడమెందుకని వాళ్ళమ్మ మధ్యాహ్నం దాకా మా బడికి పంపేది. వచ్చిన రోజే మాస్టారు ఆమెను ముందు బెంచీలో, నా చోట కూర్చోబెట్టారు. "ఒరేయ్, వినండి. వాళ్ళు ఇంగ్లీషోళ్ళ సంతతి. ఇంగ్లీషు వాళ్ళకి తల్లిపాలతో వస్తుంది" అన్నారు. ఆనాటి నుంచి నేను 'వాటర్' అంటే క్లాసంతా నవ్వడం, కేథీ అన్నట్టు నాలుక మడిచి 'వాడర్' అనడం. నాతో ఒకే కంచంలో తిన్న విజయ కూడా కేథీ రొట్టెముక్క కోసం ఆమె పక్కకు జరిగిపోయింది.

ఒకరోజు మాస్టారు కేథీని బోర్డు మీద రాయమన్నారు. ఆమె 'కలర్' రాసింది. నాకు దెబ్బ తెచ్చిపెట్టిన అక్షరమే అందులో లేదు! నా గుండె పండగ చేసుకుంది. లేచి నిలబడి, "తప్పు సార్!" అని అరిచాను. మాస్టారు బోర్డు వంక చూశారు, కేథీ వంక చూశారు, బెత్తం బల్లమీద పెట్టేశారు. "వాళ్ళట్టాగే రాస్తారులే. వాళ్ళ భాష, వాళ్ళ ఇష్టం. కూర్చో" అన్నారు.

ఆ పూట ఇంటికి వెళ్ళి అన్నం తినలేదు.

ఆగస్టు పదిహేనుకు మాస్టారు ఏటా ఒక నాటకం వేయించేవారు. అడవిలో పశువులు మేపినందుకు పుల్లరి అనే పన్ను కట్టమన్న దొరకు పల్నాటి రైతులు ఎదురుతిరిగిన కథ. టోపీ పెట్టుకుని ఇంగ్లీషులో గదమాయించే దొర వేషం నాదేనని ముందే చెప్పారు. కేథీ వచ్చాక అదీ ఆమెకు పోయింది. "అచ్చం దొరే కదా, మేకప్ కూడా అక్కర్లా" అన్నారు.

కానీ కథ చెప్పించుకున్నాక కేథీ తల అడ్డంగా ఊపింది. ఆమె ఇంగ్లీషులో చెబుతుంటే మాస్టారు మాకు తెలుగులో చెప్పారు. తను ఇంగ్లీషు పిల్ల కాదట. వాళ్ళ నానమ్మ పోలండు అనే దేశం నుంచి ఒక్క ఇంగ్లీషు ముక్క రాకుండా ఓడ దిగి, బట్టలు కుట్టి బతికిందట. అమెరికావాళ్ళు కూడా యుద్ధం చేసి ఇంగ్లీషువాళ్ళను వెళ్ళగొట్టారట. అయితే, చాలాకాలం కిందట ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చినవాళ్ళను తలుచుకుంటూ ఏటా ఒక పండగ చేస్తారట. బడిపిల్లలు నల్లటోపీలు పెట్టుకుని ఆ మొదటివాళ్ళ వేషం వేస్తారట.

"వాళ్ళు నీకేమవుతారు?" అన్నారు మాస్టారు.

"మా పూర్వీకులు."

"మరి మీ నానమ్మకు?"

"ఆమెకూ పూర్వీకులే" అంది కేథీ, తడుముకోకుండా. ఆ నేల మీద అంతకుముందే ఉన్నవాళ్ళ ఊసు ఆమె ఎత్తలేదు; అడగాలని మాకూ తెలియలేదు.

నేను మాత్రం లెక్క వేసుకున్నాను. ఇంగ్లీషువాళ్ళను తరిమేసి, వాళ్ళ భాషను ఉంచుకున్నారు, నచ్చినట్టు అక్షరాలు తీసేశారు, చివరికి వాళ్ళ తాతముత్తాతలను కూడా తమవాళ్ళుగా రాసేసుకున్నారు. బట్టలు కుట్టుకునే పోలండు ముసలమ్మకు కూడా ఆ వాటా దక్కింది. మేమూ తరిమేశాం. మాకు మిగిలింది బెత్తం. ఆ పిల్ల తెల్లతోలు చూసి, గౌను చూసి నేనెప్పుడూ అంతగా కుళ్ళుకోలేదు.

దొర వేషం మళ్ళీ నాకు వచ్చింది. కేథీ తలకు తువ్వాలు చుట్టుకుని రైతు అయింది. దొర పురికొసలు పేనిన కొరడాతో నేలమీద కొట్టాలి, రైతు పడిపోవాలి. ఆగస్టు పదిహేనున బడి ముందు బల్లలు కట్టిన స్టేజీ మీద, కాలనీ అంతా చూస్తుండగా, నా ఇంగ్లీషు మాటలు ఒక్కటీ తప్పకుండా చెప్పాను. తర్వాత కొరడా ఎత్తి, నేలమీద కాదు, ఆమె మోచేతి మీద శక్తికొద్దీ కొట్టాను. కేథీ ఒక్క క్షణం నా కళ్ళలోకి చూసింది. తెలిసిపోయింది ఆమెకు. ఏడవలేదు. పడిపోవలసిన పిల్ల నిలబడి, వచ్చీరాని తెలుగులో "పుల్లరి కట్టం!" అని అరిచింది. చప్పట్లు మోగిపోయాయి. అవీ ఆమెకే.

స్టేజీ దిగాక ఎర్రగా పొంగిన వాత చూసి నాన్న మొహం పాలిపోయింది. "ఇంజనీరు దొర ఒక్క మాటంటే నా ఉద్యోగం ఉంటదా?" అన్నాడు. అప్పటిదాకా నాకు ఆ సంగతి తట్టలేదు. ఆ సాయంత్రమే నానమ్మ వెన్నముద్ద గిన్నెలో పెట్టుకుని, నా రెక్క పట్టుకుని కొండెక్కించింది.

కేథీ వరండాలో ఉంది. కొరడా పొరపాటున తగిలిందని వాళ్ళమ్మతో అప్పటికే చెప్పేసిందట. నానమ్మ ఆ చేతికి వెన్న రాస్తూ, "అమ్మాయ్, ఇది నిన్ను చూసి ఓర్వలేక కొట్టింది. చానా తప్పు చేసింది. మన్నించు తల్లీ" అంది.

కేథీ నా వైపు తిరిగి, ఏమంటున్నారని ఇంగ్లీషులో అడిగింది.

ఓర్వలేనితనానికి ఇంగ్లీషు మాట నాకు వచ్చు. స్పెల్లింగు కూడా వచ్చు. మన్నించమనడమూ వచ్చు. "నువ్వు చాలా బాగా నటించావంటోంది" అని చెప్పాను. కేథీ నానమ్మకు రెండు చేతులూ జోడించింది. తన మాట చేరిందనుకుని నానమ్మ ఆ పిల్ల తల నిమిరింది. దిగి వస్తుంటే, "చూశావటే, ఎంత మంచి పిల్లో" అంది. దసరా లోపలే వాళ్ళు వెళ్ళిపోయారు.

నానమ్మ పోయి చాలాకాలమైంది. లస్కర్ల క్వార్టర్సు పడిపోయి కంపచెట్లు మొలిచాయి. పుల్లరి నాటకం ఇప్పుడు ఏ బడిలోనూ వేయగా చూడలేదు. నేనూ ఇంగ్లీషు టీచరునే అయ్యాను. ఇంకో రెండేళ్ళలో రిటైరవుతాను. నిన్న మాచర్లలో పెళ్ళికి వెళ్ళి, అక్కణ్ణుంచి బస్సెక్కి కొండ మీది గెస్ట్ హౌసు దాకా వెళ్ళాను. తలుపులకు తాళాలు, వరండా నిండా ఎండుటాకులు. వాచ్‌మన్ వచ్చి, "ఎవరు కావాలమ్మా?" అన్నాడు.

"ఇక్కడ మా స్నేహితురాలు ఉండేది" అన్నాను.

కేథీని ఆ మాటతో తలుచుకోవడం అదే మొదటిసారి. అతను తాళం తీయబోతే వద్దన్నాను.