నీళ్ళు తిప్పే వంతు

నీళ్ళున్న చోట మాటలు ఊరుతాయి. చాలా ఊళ్ళ నీళ్ళు తాగినవాణ్ణి గనక ఈ మాట ధైర్యంగా అంటున్నాను. ఏ రాజు ఎన్ని బావులు తవ్వించాడో పుస్తకాల్లో రాశారు గానీ, ఆ బావుల దగ్గర ఆడవాళ్ళు ఏం మాట్లాడుకున్నారో ఒక్కడూ రాయలేదు. అసలు చరిత్ర అక్కడే ఉండిపోయిందని నా అనుమానం. సరే, ఆ గోల పక్కన పెట్టి సెల్లమ్మ సంగతి చెబుతాను.

ఆమె కూరగాయల రైతు. తండ్రి వదిలి వెళ్ళిన చిన్న పొలం చెక్కను అక్కాచెల్లెళ్ళిద్దరూ చెరిసగం పంచుకున్నారు. నేలకు నడిమిన గట్టు వేశారు గానీ బోరుకు వేయలేరు కదా. ఒకే మోటారు, రెండు గొట్టాలు. నీళ్ళు ఎవరికి కావాలో వాళ్ళే మోటారు షెడ్డుకొచ్చి గొట్టాల మీది చక్రం తిప్పుకోవాలని తండ్రి కట్టుబాటు పెట్టి పోయాడు. ఒకరి చేత్తో ఇంకొకరికి వదిలితే ఎక్కువ తక్కువల తగువొస్తుందని ఆయన భయం.

చెల్లెలి మడి తడవగానే "అక్కా, నీళ్ళు నీవి!" అని కేక. అక్క పార భుజాన వేసుకుని వచ్చేది. చక్రం తిప్పి, నీళ్ళు మడి చేరేలోగా ఇద్దరూ రేకుల షెడ్డు నీడన కూర్చునేవాళ్ళు. ఒకరి జడ ఒకరు అల్లుకునేవాళ్ళు. అల్లుతూ అల్లుతూ ఇద్దరి మొగుళ్ళనూ ఉతికి ఆరేసేవాళ్ళు.

వాళ్ళు కలుసుకునే చోటు అదొక్కటే. తోడల్లుళ్ళకు పడదు. ఎప్పుడో అరువిచ్చిన నిచ్చెన ఒక మెట్టు విరిగి తిరిగొచ్చిందట. అంతే, రాజ్యాలు పోయినంత పంతం. ఒకరి గడప ఒకరు తొక్కరు, పెళ్ళాలను తొక్కనివ్వరు. తోడల్లుడి చెయ్యి తగిలిన ఇనుమని బావ ఆ షెడ్డు ఛాయలకే రాడు. పోనీ ఫోనులో చెప్పుకుందామంటే, ఆయన మంచం మీద గురక పెడుతున్నా ఒక చెవి ఫోను దగ్గరే ఉంటుంది. అక్క "ఆఁ, ఊఁ" తప్ప అనదు.

అలాంటి అక్కకు మోకాళ్ళు అరిగిపోయాయి. గట్టు దిగాలంటే కళ్ళ నీళ్ళు పెట్టుకునేది. చూడలేక చెల్లెలు, ఫోనుతో సేద్యం నేర్పే తరగతులకు వెళ్ళి, నేర్చుకుని, షెడ్డులో ఒక పెట్టె బిగింపించింది. మట్టిలో గుచ్చిన పుల్లలు తడి చాలిందని చెబుతాయి. చక్రం దానంతటదే తిరుగుతుంది. ఫోను మోగి ఒక ఆడగొంతు, "నీళ్ళు మీ వైపు తిరిగాయి" అంటుంది. అక్క ఇల్లు కదలక్కర్లేదు. కోతకు కూలీలున్నారు, వాళ్ళ మీద కేకలేయడానికి బావ ఎటూ ఉన్నాడు. ఊరు ముక్కున వేలేసుకుంది. అక్కకు చెల్లెమ్మ అయిన మనిషి ఊరికి సెల్లమ్మ అయింది.

పెట్టె బాగా పనిచేస్తే అక్క రావడం మానేస్తుందన్న సంగతి మాత్రం పెట్టించిన మనిషికే తట్టలేదు.

ఫోను మోగితే చాలు, సెల్లమ్మ "నువ్వెవతెవే నాకు చెప్పడానికి?" అని ఆ గొంతును తిట్టేది. తనే అల్లుకున్న జడ వంకరగా వస్తే మొగుడు చూసి, "ఏమే, వెనకనుంచి ఎవరైనా లాగారా?" అన్నాడు. నవ్వొచ్చే మాటే. ఆమెకు నవ్వు రాలేదు.

ఒకరోజు పొద్దున ఉండబట్టలేక, పెట్టె మీద మీటను ఫోను వైపునుంచి చేతి వైపుకు తిప్పేసింది. అక్క మడికి నీళ్ళు ఆగిపోయాయి. "పెట్టె పాడైందక్కా, నువ్వే వచ్చి తిప్పుకోవాలి" అని ఫోను చేసింది, బావకు కూడా వినపడేంత గట్టిగా.

అక్క వచ్చింది. పార కర్ర ఊతగా పట్టుకుని, గట్టు గట్టుకూ ఆగుతూ.

"ఏమైందే దీనికి?"

"ఏమో, వేడెక్కినట్టుంది."

"వేడెక్కింది దానికా, నీకా?"

మీట ఎటు తిరిగి ఉందో కనిపిస్తూనే ఉంది. అక్క చక్రం తిప్పి, చెల్లెలికి వీపు పెట్టి కూర్చుని, జడ విప్పింది.

"ఊఁ, కానీ. మీ బావ అల్లితే పలుపు పేనినట్టుంటోంది."

"బావ అల్లుతున్నాడా!"

"నెమ్మదే తల్లీ! నలుగురూ వింటే మీసం తీసేసుకుంటాడు."

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే చెల్లెలు చూసింది. పెట్టె వచ్చిన ఈ నాలుగు నెలల్లో అక్క జుట్టు సగమైంది. పాయలు తేలిగ్గా ఉన్నాయి. తొందరగా అయిపోతుందేమోనని విప్పి మళ్ళీ అల్లింది. అక్క తల ఇంకాస్త వెనక్కి వాల్చింది.

లేవబోయేటప్పుడు మోకాలు పటుక్కుమంది. అక్క వేళ్ళు చెల్లెలి భుజంలోకి ఎముక దాకా దిగాయి. నిలదొక్కుకుని, ఊపిరి పీల్చుకుని, మడి వైపు చూస్తూ అడిగింది.

"మళ్ళీ ఎప్పుడు పాడవుతుందే ఇది?"

రేపే అన్న మాట సెల్లమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. భుజం మీద అక్క వేళ్ళు ఇంకా పట్టు సడలించలేదు.

"కొత్తది కదక్కా. ఇప్పట్లో పాడవదు."

"అవునులే. మంచి సామానే తెచ్చావు" అంది అక్క, చెయ్యి తీసేస్తూ.

ఆమె రెండో గట్టు దాటేదాకా చూసి, సెల్లమ్మ లోపలికెళ్ళి మీటను మళ్ళీ ఫోను వైపు తిప్పింది.