నేను మరిచిపోయిన కొర్రన్నం డబ్బా

రెండేళ్ల క్రితం మాట. నానక్‌రామ్‌గూడలో ఉద్యోగం, మణికొండలో కాపురం. బరువు తగ్గి తీరతానని చుట్టాలందరి ముందూ శపథం చేశాను. ఆ మాట పట్టుకుని మా ఆవిడ పద్మ రోజూ కొర్రన్నం, నూనె తగలని సొరకాయ కూర డబ్బాలో పెట్టేది. నాలుగో రోజుకే నా నిష్ఠ నీరుగారిపోయింది.

మా ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ యాదగిరికి షుగరు. ఆయన తెచ్చుకునే సద్దిలో తెల్లన్నం, ఆలుగడ్డ వేపుడు, మామిడికాయ తొక్కు. ఇద్దరి మేలూ కోరి డబ్బాలు మార్చుకోవడం మొదలుపెట్టాను.

మూడు నెలలు హాయిగా గడిచాక, ఒకరోజు డబ్బా ఇంట్లోనే మరిచిపోయాను. నేను లిఫ్టు దిగి వచ్చేసరికి పద్మ ఆటోలో తెచ్చి యాదగిరి చేతికిస్తోంది.

“ఇది మా వారికి ఇవ్వండి.”

ఆయన పచ్చ మూత గుర్తుపట్టాడు. “అరె, ఇది నా సద్దే గదమ్మా! నువ్వేనా వండేది? నీ చేతి కొర్రన్నం తిని నా షుగర్ దిగింది. ప్యాంటు జూడు, ఎంత లూజయిందో!”

పద్మ ఆయన ప్యాంటు చూసింది. తర్వాత నా చొక్కా గుండీలు చూసింది. పారిపోదామనుకున్నాను కానీ, ఆ పొట్టతో పరుగెక్కడ?

మర్నాటి నుంచి ఇంట్లో రెండు డబ్బాలు సర్దడం మొదలుపెట్టింది. రెండింట్లోనూ కొర్రన్నమే. ఇప్పుడు నేనూ తగ్గుతున్నాను. నిష్ఠ మనలో లేకపోయినా ఫరవాలేదు. “సారూ, సొరకాయ మిగిలింది, అమ్మకు జెప్పాల్నా?” అనే మనిషి ఎదురుగా కూర్చుంటే చాలు.