ఖాళీ గిన్నె తిరిగొచ్చిన వారం

మా వీధిలో దియోసెలీనా అత్తకి తెలియని మనిషి లేడు, ఆమె చేతి వంట తినని మనిషీ లేడు. మొంపోస్‌లో నదికి ఎదురుగా ఉన్న రెండంతస్తుల తెల్లమేడ ఆమెది. నలభై ఏళ్లు కిటికీ పక్కన కూర్చుని వెంట్రుకంత సన్నటి వెండితీగతో చెవిపోగులు అల్లింది. ఆమె లాగిన తీగంతా ముడేసుకుంటూ పోతే మగ్దలేనా నది వెంట సముద్రం దాకా వెళ్లి, తిరిగొచ్చి మా గుమ్మానికి మూడు చుట్లు చుట్టుకుంటుందని నేను లెక్కగట్టాను. ఏడో తరగతిలో బడి మానేసినవాడి లెక్క అని తీసిపారేయకండి. అది తప్పని ఇంతవరకు ఒక్క మాస్టారూ నిరూపించలేదు.

పోయిన ఏడాది ఆమె కళ్లు మసకబారాయి. ఒక తీగ రెండుగా కనిపిస్తోందంది. "మంచిదేగా అత్తా, వెండి రెట్టింపయింది" అన్నాను. చేతిలో ఉన్న పట్టకారు నా మీదకి విసిరింది. గురి తప్పింది. అప్పుడు నమ్మాను, కళ్లు నిజంగానే దెబ్బతిన్నాయని.

ఆ కబురు విని ఆమె తమ్ముడు అరిస్తీదెస్ మగంగే పట్నం నుంచి పడవలో వచ్చాడు. అక్క తన ఇంటికొచ్చి ఉండాలి, మేడని పడవ ఇంజన్ల సామాను అమ్మేవాడికి అద్దెకివ్వాలి, ఇదీ అతని ఆలోచన. మనసున్నవాడే, కానీ అక్కకి ఊపిరెక్కడ ఆడుతుందో తెలియనివాడు. సాయంత్రమైతే మేమంతా ఊగే కుర్చీలు వీధిలో వేసుకుని కూర్చుంటాం. మగంగేలో అతనిది నాలుగో అంతస్తు. అక్కడ కుర్చీ ఎక్కడ వేసుకోవాలని అత్త అడిగితే, టీవీ ముందు అన్నాడు.

చివరికి ఇద్దరూ ఒక మాటకొచ్చారు. పైఅంతస్తుని సెలవులకొచ్చేవాళ్లకి బసగా మారుస్తుంది. ఈస్టర్‌కి ముందొచ్చే పవిత్రవారంలో మొదటి అతిథి వస్తాడు. అతను ఈస్టర్ ఆదివారం దాకా ఉంటే అత్త ఇక్కడే ఉంటుంది. మధ్యలోనే వెళ్లిపోతే మాత్రం ఆమె మారుమాట లేకుండా తమ్ముడి పడవెక్కాలి.

పైన సున్నం నేనే కొట్టాను. ఉయ్యాల, పంకా, రెండు పొయ్యిల స్టవ్ పెట్టాం. ఫోన్లో ప్రకటన కూడా నేనే రాశాను, ఈ ఒడ్డున నాకన్నా బాగా రాసేవాడు పుట్టలేదు మరి. "ఈ గదిలో పూర్వం ఏడుగురు సేనాపతులు పడుకున్నారు. ఒక్కరికీ లేవబుద్ధి కాలేదు. ఇక్కడ నది తప్ప ఎవరూ మాట్లాడరు" అని రాశాను. సేనాపతుల సంగతి ఎవరూ పట్టించుకోలేదు. కొంప ముంచింది ఆఖరి వాక్యం.

అది చదివి ఎవేలియో కమార్గో గారు చలికొండల మీది తున్హా నుంచి దిగారు. ముప్పై అయిదేళ్లు కోర్టులో వాది, ప్రతివాదుల పేర్లు మూడేసి సార్లు పిలిచిన బంట్రోతు. పదవీ విరమణ చేశాక ఆయన కోరిక ఒక్కటే, వారం రోజులు ఎవరి గొంతూ వినకూడదు. రేవులో ఆయన ఉన్నికోటు విప్పితే దాని చేతుల్లోంచి పొగమంచు బయటికొచ్చి మూడు కుక్కలు తుమ్మాయి. నేను చూశాను.

సోమవారం పొద్దున్నే అత్త పైకెళ్లి పంకా తిరుగుతోందా అని అడిగింది. కాసేపాగి మా ఊరి పొరల చీజ్ పట్టుకెళ్లింది. ఇంకాసేపటికి, ఒంటరిగా తింటున్నారేమోనని, తోడు కూర్చోవడానికి వెళ్లింది. మా ఊళ్లో అతిథిని ఒంటరిగా వదిలేస్తే తిట్టినట్టే లెక్క. ఆయన పాపం చాలా మర్యాదగా తలుపు వేసుకున్నారు. మా ఎండకి పగటిపూట తలుపు మూసుందంటే లోపల జ్వరమో చావో ఉండాలి. అరగంటలో నిమ్మగడ్డి కషాయంతో నలుగురు ఆడవాళ్లు మెట్ల మీదున్నారు.

దానికి తోడు అది తీపి వండే వారం. ప్రతి ఇంట్లో వండుతారు, ప్రతి ఇంటికీ పంపుతారు. కందుల తీపి, బొప్పాయి పాకం, మామిడి, పెండలం. మంగళవారం సాయంత్రానికి ఆయన బల్ల మీద తొమ్మిది గిన్నెలు చేరాయి. కొత్తచోట రుణం ఉండకూడదనుకున్నారో ఏమో, ఆ రాత్రే గిన్నెలన్నీ తళతళలాడేలా తోమి, తుడిచి, మెట్ల మీద వరుసగా బోర్లించారు. ఖాళీ గిన్నెలు.

బుధవారం పొద్దున ఆ వరుస చూసిన మొదటి మనిషి ఎదురింటి ఒబ్దూలియా నాహెరా. కందుల తీపి కోసం రెండు రోజులు పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషి. తన గిన్నె ఎత్తి వెలుతురుకి పట్టి చూసి, అత్తతో మెల్లగా అంది.

"కందిగింజంత మర్యాద కూడా అంటించలేదు. నీ దొరకి చెప్పు దియోసెలీనా, నా గుమ్మం ముందు నుంచి నడవద్దని."

ఆ రోజు ఆయన గదికి ఎవరూ వెళ్లలేదు. వీధిలో కనిపిస్తే ఎవరూ పలకరించలేదు, రొట్టెలమ్మేవాడు సైతం తల పక్కకి తిప్పుకున్నాడు. ఆయన డబ్బిచ్చి కొనుక్కున్న నిశ్శబ్దం ఇన్నాళ్లకి చేతికందింది. అత్త మాత్రం కింద కూర్చుని మెట్లనే చూస్తోంది. వీధిని కాదంటే వీధి పోతుంది, అతిథిని కాదంటే ఇల్లు పోతుంది. నేను ఎన్ని వెటకారాలాడినా పట్టకారు విసరలేదు. అందుకే నాకు భయమేసింది.

గురువారం పొద్దున ఎవేలియో గారు సంచి భుజాన వేసుకుని కిందికి దిగారు. అత్త లేచి నిలబడింది.

"అమ్మా, వీధిలో ఎవరైనా పోయారా?" అని అడిగారు. "నిన్న ఒక్కరూ రాలేదు. మధ్యాహ్నం దాకా హాయిగానే ఉంది. ఆ తర్వాత నేనే తలుపు తీసి కూర్చున్నాను. నేనుండటం మీకు ఇబ్బందైతే వెళ్లిపోతాను."

తమ్ముడితో ఒప్పందం సంగతి చెప్పి బతిమాలదామని నేను నోరు తెరిచాను. అత్త నా కాలు తొక్కింది.

"ఎవరూ పోలేదు బాబూ. మాకు మీరే పోయారు. మా వీధిలో ఖాళీ గిన్నె తిరిగొచ్చిందంటే, ఇక మీ మొహం చూడనని అర్థం."

"తోమే ఇచ్చాను కదమ్మా?"

"తోమి ఇచ్చారు కాబట్టి, ఆలోచించే ఇచ్చారని అందరూ అనుకున్నారు. తప్పు మీది కాదు. నిశ్శబ్దం ఉంటుందని రాసింది ఈ లిబార్దో వెధవ. ఇక్కడ అది ఎప్పుడూ లేదు. వెళ్తానంటే నేను ఆపను."

ఆయన సంచి మెట్టు మీద పెట్టారు. దాని మూతి విప్పారు. ఈ వేడి దేశపు తిండి పడుతుందో లేదోనని ఇంటి నుంచి చిన్న పసుపు బంగాళాదుంపలు తెచ్చుకున్నారట, అవి తప్ప తన దగ్గర ఏమీ లేవన్నారు.

"ఉప్పేసి ఉడకబెట్టండి" అంది అత్త. "గిన్నెలు నేను అడిగి తెస్తాను."

తొమ్మిది ఇళ్ల నుంచి ఆ తొమ్మిది గిన్నెలు వెనక్కి తేవడానికి ఆమెకి పొద్దంతా పట్టింది, గొంతు బొంగురుపోయింది. సాయంత్రం ఆయన ఒక్కో గుమ్మం ముందు నిలబడి, ఇంటావిడ పూర్తి పేరు కోర్టు గొంతుతో మూడేసి సార్లు పిలిచి దుంపల గిన్నె అందించారు. నదికి అవతల ఒడ్డున పశువులు కూడా హాజరు పలికాయి. ఒబ్దూలియా దుంప కొరికి, ఉప్పు చాలలేదని తీర్పిచ్చింది. ఇంకోటి తీసుకుంది.

ఇక గిన్నె నిండుగా వచ్చాక దాన్ని వట్టిదిగా తిప్పి పంపడం ఎవరి తరం? శుక్రవారం ఊరేగింపు వెళ్తుంటే ఆయన వీధిలో మా కుర్చీల మధ్య ఒళ్లో రెండు గిన్నెలతో కూర్చున్నారు. శనివారానికి ఒబ్దూలియా దగ్గర పెండలం తీపి వండటం నేర్చుకుంటున్నారు.

ఆదివారం మధ్యాహ్నం అరిస్తీదెస్ పడవ కట్టి నేరుగా మేడెక్కాడు. ఎవేలియో గారు నడుముకి తువ్వాలు చుట్టుకుని పెండలం చెక్కు తీస్తున్నారు. పక్కన ఆరు గిన్నెలు.

"ఇక్కడ మీకు ప్రశాంతంగా ఉందా సార్?" అని అడిగాడు అరిస్తీదెస్.

"ఎక్కడిదండీ? తొమ్మిది ఇళ్ల గోల. ఇంకా ఆరు గిన్నెలు నింపాలి. బుధవారం దాకా కదిలే దారి లేదు."

అరిస్తీదెస్ అక్క వైపు చూశాడు. ఆమె గెలిచినట్టు నవ్వలేదు, కాఫీ కప్పు చేతికిచ్చింది. అతను నిలబడే తాగాడు.

"ఆ ఇంజన్లవాడికి ఏం చెప్పనక్కా?"

"మేడ ఖాళీ లేదని చెప్పు."

రేవు దాకా వెళ్లి తమ్ముడి బుగ్గలు రెండూ ముద్దుపెట్టుకుంది, తాడు తనే విప్పింది. పడవ మలుపు తిరిగేదాకా మాత్రం నిలబడలేదు. మేడ పైనుంచి పెండలం అడుగంటుతున్న వాసన వస్తోంది.