చెల్లని ప్రమాణం

మా పంచాయతీ సర్పంచి పదవి మహిళలకు రిజర్వు అయినప్పుడు నన్ను నిలబెట్టింది మా అన్న. మా అన్నకు చెప్పింది ఈ చుట్టుపక్కల అందరూ పెద్దాయన అని పిలుచుకునే నాయకుడు. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. అడగకపోయినా సంతోషంగానే నిలబడ్డాను, చిన్నప్పటి నుంచీ నాకు పెత్తనమంటే ఇష్టం కాబట్టి. గెలిచాను కూడా.

మా అన్న గురించి ఒక మాట చెప్పాలి. శ్రీహరికోటలో రాకెట్ ఎగిరినప్పుడల్లా మిద్దె ఎక్కి చప్పట్లు కొట్టే మనిషి. జెండా పండగనాడు అందరికంటే ముందు తలంటుకుని బడి దగ్గర ఉంటాడు. ఆయన దేశభక్తికి వంక పెట్టడానికి లేదు. కాకపోతే ఆయన దృష్టిలో దేశమూ పెద్దాయనా వేరు కాదు. ఒకరిని కాదంటే ఇంకొకరినీ కాదన్నట్టే. నాకు ఒళ్లు మండేది అక్కడే.

పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేసి మాతో ప్రమాణం చేయించారు. ముందు నాది. కాగితంలో ఉన్నది ఉన్నట్టు, రాజ్యాంగానికి విధేయురాలినై ఉంటానని, ఊరి పని నమ్మకంగా చేస్తానని, దైవసాక్షిగా చదివి కూర్చున్నాను. ముందు వరసలో మా అన్న ముఖం ముడుచుకుంది. నా తర్వాత లేచిన వార్డు మెంబరు మా అన్న స్నేహితుడు. దైవసాక్షిగా అనాల్సిన చోట "మా పెద్దాయన సాక్షిగా" అన్నాడు. ఈలలు పడ్డాయి. ఇక మిగిలినవాళ్లు ఆగుతారా? అందరూ అదే పాట.

వచ్చిన ఆఫీసరు నెమ్మదస్తుడు. అందరూ అయ్యేదాకా ఆగి, "ఇది చెల్లదండీ, మళ్లీ చదవాలి" అన్నాడు. నవ్వుకుంటూనే రెండోసారి చదివారు.

"ఏం మే, పెద్దాయన పేరు నీ నోట రాలేదే?" అన్నాడు అన్న ఇంటికొచ్చి.

"కాగితంలో లేదన్నా."

కొన్ని నెలలకు అసలు సంగతి బయటపడింది. ఊరి చివర తియ్యనీళ్ల బావి ఉంది. సముద్రం దగ్గరి ఊరు మాది. ఎక్కడ బోరు వేసినా ఉప్పే. ఊరంతా తాగేది ఆ బావి నీళ్లే. దాన్ని ఆనుకుని ఉన్న పోరంబోకు పెద్దాయన బామ్మర్దికి రొయ్యల గుంట కోసం కావాలట. పంచాయతీ తీర్మానం చేసివ్వాలట. పక్కన ఉప్పునీళ్లు నిలవేస్తే బావి ఏమవుతుందో మా ఊళ్లో చంటిపిల్లను అడిగినా చెబుతుంది.

మీటింగుకు ముందురోజు అన్న వచ్చి గడపలోనే నిలబడ్డాడు.

"తిన్నింటి వాసాలు లెక్కపెడతావా?"

"నేను తిన్నది మన చేలో పండిన మొలగొలుకుల బియ్యం. ఆయనింట్లో ఎప్పుడు తిన్నానన్నా?"

"ఈ తీర్మానం చెయ్యకపోతే నా గడప తొక్కబాక."

మా అమ్మానాన్నలు పోయాక నాకు పుట్టిల్లంటే ఆ గడపే. ఆయన వెళ్లాక వంటింట్లో కూర్చుని ఏడ్చాను. అయితే ఏడుపు వేరు, సంతకం వేరు. ఆ తేడా నాకు బాగా తెలుసు.

మీటింగులో మొదట నోరు విప్పింది మా అన్న స్నేహితుడే. "ఆయన సాక్షిగా ప్రమాణం చేసినోళ్లం. ఆయన మాట కాదంటామా?"

"ఆ ప్రమాణం చెల్లలేదు గదన్నా," అన్నాను. "ఆఫీసరుగారు మళ్లీ చదివించినాడు. చెల్లింది రెండోది. అందులో పెద్దాయన లేడు, ఊరు ఉండాది."

పల్లెపాలెం నుంచి గెలిచిన మెంబరు, మా అమ్మ వయసు ఆమె, చీర కొంగు సర్దుకుంది. "మొదట అందరితోపాటు నేనూ ఆయన పేరే చెప్పినా. రెండోసారి మాత్రం మా గంగమ్మను తలుచుకోని చదివినా. ఆమెకు నేనేం జవాబు చెప్పేది? నేనొప్పుకోను" అని చెయ్యెత్తింది. ఆమె వెనక ఇంకొక చెయ్యి, తర్వాత మరొకటి లేచాయి. తీర్మానం వీగిపోయింది. మా అన్న స్నేహితుడు మాత్రం చెయ్యెత్తలేదు. ఎవరినీ తిట్టనూ లేదు.

ఆ సాయంత్రమే పెద్దాయన ఫోన్ చేశాడు. గొంతులో కోపం లేదు, అదే భయం పుట్టించేది.

"చెల్లెమ్మా, నేను పెడితే గెలిచినదానివి నువ్వు."

"పెట్టింది మీరే అన్నా. ఓట్లేసింది ఊరు."

ఫోన్ పెట్టేశాడు. మా ఆయన మంచినీళ్ల చెంబు అందించి, "బాగా చెప్పినావు" అన్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నన్ను మెచ్చుకున్న సందర్భాలు తక్కువ.

అన్న తన మాట నిలబెట్టుకున్నాడు. వీధిలో ఎదురైతే తల తిప్పుకునేవాడు. ఆ పక్క నుంచి పోయినప్పుడల్లా ఆ గడప వైపు చూడకుండా ఉండలేకపోయేదాన్ని. అంతమాత్రాన చేసిన పని తప్పని ఒక్కరోజూ అనిపించలేదు.

నాయకుల ప్రాభవం ఎన్నాళ్లుంటుంది? పెద్దాయన వెనకబడ్డాడు, కొత్తాయన వచ్చాడు. ఈ కొత్తాయన మనుషుల కన్నూ ఆ పోరంబోకు మీదే పడింది. సర్పంచి అన్న కదా అని మా అన్నను టీ అంగడి దగ్గర పట్టుకుని, మీ చెల్లెలికి నచ్చజెప్పమని అడిగారట. అంగడి నడిపే ఆమె పరుగున వచ్చి నాకు చెప్పింది.

"మీ అన్న ఏమన్నాడో తెలుసా అక్కా? 'మా పెద్దాయనకే పెట్టలా మా చెల్లెలు సంతకం, మీరెంత, పోండి' అన్నాడు. అనేటప్పుడు మీసం మెలేసినాడు."