పేడ అలికిన కళ్లంలో రెండో పరుగు

మొన్న విశాఖలో మా తమ్ముడి కూతురు నన్ను బౌలింగ్ ఆడిస్తానని ఒక మాల్‌కి తీసుకెళ్లింది. అద్దంలా మెరిసే చెక్క బాట మీద నేను వదిలిన బరువైన బంతి ముప్పావు దూరం బుద్ధిగా తిన్నగా వెళ్లి, చివర్లో ఏదో పని గుర్తొచ్చినట్టు పక్కకి తిరిగి అంచునున్న కాలవలో పడింది. బాటకి ముందు భాగంలో నూనె రాసి చివర పొడిగా వదిలేస్తారనీ, నూనె మీద జారిన బంతికి పొడి చోట పట్టు దొరికి మలుపు తిరుగుతుందనీ అక్కడి ఉద్యోగి ఓపికగా చెప్పాడు. పత్రికలో పనిచేసినన్నాళ్లూ ఎవరేం చెప్పినా కొత్తగా విన్నట్టు తలూపడం అలవాటు కనుక ఊపాను గానీ, ఈ సంగతి మా బావ పేడతో ఎప్పుడో కనిపెట్టాడు.

శ్రీముఖలింగం వెళ్లే దారిలో ఉన్న మా ఊళ్లో, చిన్నప్పుడు నూర్పులయ్యాక మేనమామ కళ్లమే మాకు క్రికెట్ మైదానం. ఆయన కొడుకైన మా బావ జట్టు నాయకుడు. ఒక ఏడు పంట బాగా పండి, గడ్డికుప్ప వేయడానికి కళ్లం కావాలన్నాడు మామయ్య. మేమందరం కాళ్లావేళ్లా పడితే ఆదివారం కళింగపట్నం జట్టుతో ఆట చూసి తేలుస్తానన్నాడు.

“గెలిస్తే కళ్లం మీది. గెలవలేదా, సోమారం పొద్దున్నే కుప్పెట్టించీస్తాను. మళ్లీ నా దగ్గిరికొచ్చి ఏడవకండి, ముందే సెప్తన్నాను!”

ఆదివారం తెల్లవారుతూనే బావ పిచ్‌ని పేడతో చిక్కగా అలికి, బ్యాటు పట్టేవాడి గీత ముందు రెండు గజాలు మాత్రం పొడిగా ఉంచి ఊక చల్లాడు. మా దగ్గర ఒకవైపు నుంచే బంతి వేయడం ఆచారం. తడి అలుకు మీద లేవకుండా జారుకుంటూ వచ్చిన బంతి ఊక తగలగానే గిరుక్కున తిరిగేది. పాపం కళింగపట్నం వాళ్లు ఒకరి వెనక ఒకరు అవుటయ్యారు. పెద్దగా పరుగెత్తే అవసరమే వాళ్లకి రాకపోవడంతో, ఆ అలుకు మీద మనుషులూ జారతారన్న సంగతి మాకెవరికీ తట్టలేదు.

చలిరోజులు కావడంతో అలుకు ఆరలేదు. మా వంతు వచ్చేసరికి వాళ్లూ ఆ కిటుకు పట్టేశారు. చివరికి బావా నేనూ మిగిలాం. గెలవడానికి రెండు పరుగులు కావాలి. బావ బంతిని దూరంగా కొట్టాడు. పిచ్ అంచు వెంట జాగ్రత్తగా ఒక పరుగు తీశాం, లెక్క సమానమైంది. రెండోదానికి బావ ఆత్రంగా మధ్యలోంచి వెనక్కి పరుగెత్తి, కాలు జారి బోర్లా పడి, కొత్త తెల్ల ప్యాంటుతో సహా అలుకు మీద దూసుకుపోయాడు. అదే ఊపులో పోతే గీత దాటేవాడే. ఊక తగిలింది, పట్టు దొరికింది, మనిషి గిరుక్కున అడ్డం తిరిగి గీతకి మూరెడు దూరంలో ఆగాడు. వాళ్ల వికెట్ కీపరు తాపీగా వికెట్లు పడగొట్టి, వంగి చూశాడు.

“ఏటి బావా, ఇంకో రెండు గజాలు అలికీసుంటే గెలిచీసుందువు కదా! పేడ సాల్లేదేటి?”

సమానమైతే ఏం చేయాలో మామయ్య షరతులో లేదు. సోమవారం పొద్దున్నే గడ్డిబండి రానే వచ్చింది. మామయ్య కళ్లానికి అడ్డంగా తాడు పట్టించి, “సగం గెలిసినారు, సగం ఉంచుకోండి” అన్నాడు. ఆ ఏడంతా సగం కళ్లంలో ఆడి, మిగతా సగంలో బంతి వెతుక్కున్నాం.

ఇప్పుడు కోత యంత్రం పొలంలోనే నూర్చేసి గింజలు చేతిలో పెడుతోంది. కళ్లం ఏడాది పొడుగునా ఖాళీ, అదీ మొత్తంగా. కావాలని బతిమాలేవాళ్లూ లేరు, తాడు కట్టి సగం పంచేవాళ్లూ లేరు.