శంకరన్న ఆంప్లిఫయర్‌కు నేను పెట్టిన పరీక్ష

2018లో నిజామాబాద్ బస్టాండు వెనక నా ఆడియో దుకాణానికి బోధన్ నుంచి శంకరన్న తరచూ వచ్చేవాడు. చక్కెర ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్‌గా చేసినవాడు. అది మూతపడ్డాక రెండేళ్లు కూర్చుని వాల్వ్ ఆంప్లిఫయర్ ఒకటి తయారుచేసుకున్నాడు. పాత రేడియోల్లో వెలిగే గాజు గొట్టాలతో నడిచేది. ట్రాన్స్‌ఫార్మర్లు కూడా తనే చుట్టాడు.

"కొత్త మిషన్లల్ల పాట ఉంటది గని పాడే మనిషి ఉండడు తమ్మీ" అనేవాడు.

కొత్తవి అమ్ముకునే నాకు ఆ మాట గుచ్చుకునేది. ఒక ఆదివారం తన ఆంప్లిఫయర్‌ను దుకాణానికి తెచ్చినప్పుడు నలుగురు కస్టమర్ల ముందే అడిగాను. "సూడకుండ గుర్తుపడ్తవా అన్నా?"

"ఎందుకు పట్ట?" అన్నాడు.

దీన్ని బ్లైండ్ టెస్ట్ అంటారు. ఏ పరికరం మోగుతోందో వినేవాడికి తెలియకూడదు. తెర కట్టి, ఒకే పాటను ఒకే స్పీకర్లలో, అతనిదీ నా కొత్తదీ స్విచ్‌తో మారుస్తూ పదిసార్లు వినిపించాను. "ఇదే నాది" అంటూ ఎనిమిదిసార్లు నా దుకాణంలోని కొత్తదాన్నే చెప్పాడు.

తెర తీశాక ఎవరో నవ్వారు. నేనూ నవ్వాను. శంకరన్న తన ఆంప్లిఫయర్‌ను తువ్వాలలో చుట్టుకుని బస్సెక్కాడు.

వారం తర్వాత అదే స్విచ్‌కు మీటరు పెడితే తెలిసింది, ఆ రోజు కొత్తదాన్ని తగిలించిన వైపు శబ్దం కొంచెం గట్టిగా వస్తోంది. పరీక్షకు ముందు రెండింటి శబ్దం సమానం చేయాలి. లెవెల్ మ్యాచింగ్ అంటాం. గట్టిగా వినిపించిందే చెవికి మేలుగా తోస్తుంది కాబట్టి, అది చేయని పరీక్ష చెల్లదు. ఇంత అనుభవం ఉండీ చెవితో సరిచూసి వదిలేశాను.

ఫోన్ చేస్తే సరిపోయేది. రేపు చేద్దాం, మాపు చేద్దాం అనుకున్నాను. ఆ నలుగురికీ చెప్పాల్సి వస్తుందని సిగ్గు. నాలుగు నెలలు గడిచాక బోధన్ వెళ్లాను. శంకరన్న ఇంటి ముందు మోటారు బాగుచేస్తున్నాడు.

"తప్పు నాదన్నా. కొత్తది గట్టిగ మోగింది. నువ్వు ఓడిపోలే."

శంకరన్న చేతిలోని పాన కింద పెట్టాడు. "నా దాన్ని పోయిన నెలనే ఇప్పేసిన తమ్మీ."

"మల్ల చేద్దాం. సామాను నేను తెస్త."

"చెయ్యొచ్చు. గని అప్పుడు పాట వింటుంటి. ఇప్పుడు ఏది పెట్టినా మిషన్నే వింటున్న."

టీ తాగించి పంపాడు.

ఇప్పటికీ బ్లైండ్ టెస్టులు చేస్తాను. కొనేముందు ఎంచుకోవడానికి అంతకంటే నిజాయితీ గల దారి లేదు. కానీ ఇంట్లో హాయిగా వింటున్న మనిషిని పిలిచి పరీక్షించను. ఇక మీటరు చూపిన పొరపాటంటారా, అది ఎవరికైనా జరుగుతుంది. తెలిశాక నాలుగు నెలలు నోరు మూసుకున్నది మాత్రం నేనే.