అంగడి అప్పగించేద్దామని పెనుకొండ పోయిన రోజు

ధర్మవరంలో మాకు పట్టుచీరల అంగడి ఉంది. పోయినేడాది పెళ్లిళ్ల సీజన్‌లో ఒక పూట, చూపించిన చీరను తిరిగి మడతపెట్టబోతే నా కుడిచేయి మాట వినలేదు. ఎడమచేయి చకచకా పోతోంది, కుడిది వెనకబడిపోతోంది. నా భార్య పద్మ పక్కనుంచి అందుకుని మడిచేసింది. "నడిచేటప్పుడు గూడా మీకు ఆ చేయి ఊగడంల్యా, చూసుకున్నారా?" అంది ఆ సాయంత్రం.

భుజం పట్టేసిందనుకుని కొన్నాళ్లు ఫిజియోథెరపీ చేయించుకున్నాను. తగ్గలేదు. బొటనవేలు వణకడం మొదలయ్యాక హిందూపురంలో న్యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్లాం. ఆయన నా వేళ్లు టకటకా ఆడించమన్నారు, వరండాలో నడిపించారు, ఎమ్మారై తీయించారు. "స్కాన్ నార్మల్‌గానే ఉంది. కానీ మీ నడక, చేయి చూస్తే ఇది పార్కిన్సన్స్. పూర్తిగా పోయే జబ్బు కాదు. మందులు వాడుతూ చాలా ఏళ్లు మీ పని మీరు చేసుకోవచ్చు. ముందు ముందు ఏం కావాలో ఇంట్లో నిదానంగా మాట్లాడుకోండి" అన్నారు.

నిదానం అనే మాట నా చెవికెక్కలేదు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎటో పోవాలనిపించేది. మేడ మీది మంచం కిందికి దింపించాను. స్కూటర్ అమ్మేస్తానన్నాను. ఒకరోజు ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి పెనుకొండలో మా బావమరిది రమేష్ దగ్గరికి పోయి, అంగడి నువ్వే తీసుకో అన్నాను.

"ఏం బావా, నిన్నగాక మొన్న డాక్టరు చెప్పినాడు. అప్పుడే ఇంత తొందరేల? అక్కకు తెలుసునా?" అన్నాడు. నా ఎదుటే వాళ్లక్కకు ఫోన్ చేశాడు.

ఇంటికొచ్చేసరికి పద్మ కళ్లు ఎర్రబడి ఉన్నాయి. "జబ్బు మీకు వచ్చిండాది, సరే. ఆ అంగట్లో నేనూ ఇన్నేండ్లు నిలబడినాను గదా? నన్నొక మాటన్నా అడగల్యా మీరు" అంది.

దానికితోడు, టాబ్లెట్లు వేసుకుంటే కడుపులో తిప్పుతోందని నా అంతట నేనే మానేశాను. కొద్దిరోజులకే ఒళ్లు కట్టెలా బిగుసుకుపోయి అంగడి మెట్ల మీద పడ్డాను. డాక్టరు కోప్పడ్డారు. "నాకు చెప్పుంటే డోస్ మార్చేవాణ్ని కదా! సొంతంగా ఆపొద్దు." మళ్లీ తక్కువ డోస్‌తో మొదలుపెట్టి మెల్లగా పెంచారు. చేయి కాస్త వదులైంది.

ఆ తర్వాతే మేమిద్దరం నిజంగా కూర్చుని మాట్లాడుకున్నాం. అంగడి ఎవరికీ ఇచ్చేది లేదు. మగ్గాల వాళ్ల దగ్గరికి తిరిగే పని పద్మ చూసుకుంటుంది, స్కూటర్ కూడా ఆమే నేర్చుకుంటుంది. కొనేవాళ్లతో మాటలు నావి. నాకు మాట సరిగా రాని రోజు వస్తే, నా వైద్యం గురించి ఆమే నిర్ణయించాలి.

"ఇంకోటి గూడా చెప్తా" అంది. "నాకు చేతగాని రోజు వస్తే మిమ్మల్ని చూసుకునేదానికి మనిషిని పెట్టుకుంటా. అప్పుడు మీరు చిన్నబుచ్చుకోగూడదు."

ఆ మాట మింగుడుపడటానికి సమయం పట్టింది. సరే అన్నాను.

ఇప్పుడు రోజూ అంగడికి పోతున్నాను. కుదురు మాత్రం పూర్తిగా రాలేదు. ఊరికే ఉంటే మనసు రాబోయే ఏళ్ల మీదికి పరిగెడుతుంది. అప్పుడు లేచి బజారు చివరిదాకా నడిచొస్తాను.

కొత్తగా ఈ జబ్బు పేరు విన్నవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. ముందు ముందు సంగతులు తప్పక మాట్లాడుకోండి. మందు పనిచేస్తూ ఒళ్లు తేలికగా ఉన్న వేళ చూసుకోండి. రేపు మిమ్మల్ని చూసుకోబోయే మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ముందు వాళ్లను చెప్పనివ్వండి.